కాస్త ఆగండి, ఈ అమ్మాయి మాట్లాడుతోంది

పిన్నిగారు పోయారన్న కబురు నాకు బడిలో ఉండగా తెలిసింది. మధ్యాహ్నం అన్నాల వేళ తెనాలి నుంచి రఫీ ఫోన్ చేశాడు. "అక్కా, పిన్నిగారు పొద్దున నిద్ర లేవలేదంట. గుండె అంటున్నారు," అని ఆగిపోయాడు. ఇద్దరం ఫోన్లు చెవి దగ్గర పెట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాం. ఆ కాసేపట్లో నాకు ఆమె మొహం గుర్తు రాలేదు. ఎడమ భుజం వైపు కొద్దిగా లేచే ఆమె అరచెయ్యి గుర్తొచ్చింది.

మనం ఎవరితోనో మాట్లాడుతుంటే వెనక నుంచి ఇంకొకరు పిలుస్తారు. అప్పుడు ఎదుటి మనిషి మీద నుంచి చూపు తిప్పకుండా, వెనకవాళ్ళను ఉండమన్నట్టు చెయ్యి ఎత్తుతాం. పిన్నిగారు రోజులో చాలాసార్లు అలా ఎత్తేవారు. ఆమె వెనక మాత్రం ఎవరూ ఉండేవారు కాదు.

ఆమె పేరు రాయడం లేదు. పేరు చెప్పుకోవడానికి ఆమె ఎప్పుడూ వెనకాడలేదు గాని, ఆమె అన్నగారి ఇంట్లో ఇప్పుడు పెళ్ళీడు పిల్లలున్నారు. తెనాలిలో మేమంతా పిలిచినట్టే ఇక్కడా పిన్నిగారనే అంటాను.

నేను రేపల్లెలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతాను. కొన్నేళ్ళ కిందట ఒకరోజు ఎనిమిదో తరగతిలో బోర్డు మీద సమీకరణం రాస్తూ రాస్తూ ఆగిపోయాను. గుండె దడదడలాడింది. వేళ్ళు చల్లబడ్డాయి. గాలి గొంతు దాకా వచ్చి లోపలికి పోవడం లేదు. చచ్చిపోతున్నాననుకున్నాను. గుంటూరు తీసుకెళ్ళి గుండెకు చేయించాల్సిన పరీక్షలన్నీ చేయించారు. అంతా బాగానే ఉందన్నారు. ఆ మాటే నన్ను ఇంకా భయపెట్టింది. తర్వాత రైల్లో ఒకసారి, కూరగాయల మార్కెట్లో ఒకసారి అలాగే అయింది. మళ్ళీ ఎక్కడ అవుతుందోనన్న బెంగతో బడి మానేశాను, రైలెక్కడం మానేశాను, చివరికి మా వీధి మలుపు దాటడం కూడా మానేశాను. బడిలో థైరాయిడ్ అని చెప్పి సెలవు పెట్టించారు మావాళ్ళు.

ఎవరో చెబితే విని, మా ఆయన కారు మాట్లాడి నన్ను తెనాలి తీసుకెళ్ళారు. కాలవ పక్క సందులో, మందుల షాపు మీద అంతస్తులో ఉండేది ఆ మనసు వైద్యం క్లినిక్కు. పడకలు లేవు. పొద్దున వచ్చి చూపించుకుని సాయంత్రానికి ఇంటికి వెళ్ళిపోవడమే. డాక్టరుగారు నాకంటే కొద్దిగా పెద్దావిడ. నేను చెప్పిందంతా విన్నాక, "సరేనమ్మా, మీకేం కావాలి?" అన్నారు.

అందరూ ఏమైందని అడిగినవాళ్ళే. ఏం కావాలని అడిగినవాళ్ళు లేరు. ఆలోచించి చెప్పాను. "మళ్ళీ బోర్డు ముందు నిలబడాలండి. ఒక్కదాన్నే రైలెక్కి తిరగాలి."

"అయితే మీ వైద్యం సగం ఇక్కడ, సగం రైల్లో," అన్నారావిడ. ఒక మాత్ర రాశారు. వారం వారం తనతో మాట్లాడాలన్నారు. ఆ తర్వాత, "మా దగ్గర ఇంకొకావిడ ఉన్నారు. డాక్టరు కాదు. జబ్బు పడి, దాంతోనే బతకడం నేర్చుకున్న మనిషి. శిక్షణ ఇప్పించి మాతో పెట్టుకున్నాం. మీకిష్టమైతేనే ఆమెతో కూర్చోండి, లేకపోతే లేదు," అన్నారు.

బయట బెంచీ మీద కూర్చుని ఉండగా పిన్నిగారు వచ్చారు. యాభై దాటిన మనిషి. బక్కగా, పొడుగ్గా ఉన్నారు. వాయిలు చీర, పిన్ను పెట్టిన పమిట, చేతిలో నల్లగొడుగు. బెంచీ మీద నా పక్కన బోలెడు చోటుంది. అయినా నిలబడే అడిగారు. "ఇక్కడ కూర్చోవచ్చాండి?"

ఎవరి పక్కనైనా సరే, అడగకుండా ఆమె కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. రోజూ కలిసేవాళ్ళను కూడా అడిగేవారు. నాతోపాటు వైద్యానికి వచ్చే రఫీ ఒకసారి విసుక్కున్నాడు కూడా. "మీది మరీ చోద్యం పిన్నిగారూ, కూర్చోండి, అడగడమేంటి," అంటే, "వద్దనే వీలు నీకుండాలి కదయ్యా," అన్నారు.

ఆ మొదటిరోజు ఆమె నన్ను భయపడవద్దనలేదు. అప్పటిదాకా కనిపించిన ప్రతి మనిషీ ఆ మాట అన్నారు. ఆమె మాత్రం, "భయంగా ఉందా?" అని అడిగి, నేను తలూపితే, "సరే. భయపడుతూనే టీ తాగుదాం," అన్నారు. టీ తాగడం కూడా ఆమెకో పెద్ద పని. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, పూర్తిగా చల్లారిపోయే దాకా ఊదేవారు. అంత చల్లగా తాగేదానికి వేడిది ఎందుకండి అంటే, ఊదడానికే అనేవారు.

నేను బడి సంగతి చెబుతున్నాను. సగంలో ఉండగా ఆమె అరచెయ్యి ఎడమ భుజం దాకా లేచింది. నా కళ్ళలోకే చూస్తూ, చాలా మర్యాదగా, "కాస్త ఆగండి, ఈ అమ్మాయి మాట్లాడుతోంది," అన్నారు.

నేను వెనక్కి చూశాను. గోడ ఉంది. ఇంకేమీ లేదు.

"ఎవరితో అన్నారండి?"

"నాకు గొంతులు వినపడతాయమ్మా. ఒకాయన, ఒకావిడ. ఇరవయ్యో యేట మొదలైంది. మందులతో చాలా తగ్గింది, పూర్తిగా పోలేదు."

లేచిపోదామనుకున్నాను. కాని నోటి వెంట ఇంకోటి వచ్చింది. "ఇప్పుడేమంటున్నారు వాళ్ళు?"

ఆమె చెవి ఒగ్గి విన్నారు. బజారులో రేడియో వింటున్నంత మామూలుగా ఉంది ఆమె మొహం. "నన్ను చూసి నువ్వు భయపడ్డావంటున్నారు. ఇప్పుడే లేచి వెళ్ళిపోతావంటున్నారు." ఆగి, "నిజమేనా?" అని అడిగారు.

"భయపడ్డానండి," అన్నాను. "వెళ్ళిపోను."

"అయితే సగమే నిజం చెప్పారు," అని, పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఆ రోజు కారులో తిరిగి వస్తుంటే నాకు నా గుండె సంగతి గుర్తు రాలేదు. తన తలలో రాత్రీపగలూ ఇద్దరు మనుషులు మాట్లాడుతుంటే, వాళ్ళను ఆపి, నాలాంటి ఒక పరాయిదాని గోడు వినడానికి కూర్చున్న మనిషి గురించే ఆలోచిస్తూ వచ్చాను. నేను ఒక్క గుండె చప్పుడుకే మంచం పట్టాను. ఈవిడ ఎలా బతుకుతోంది? ఆ ఆశ్చర్యం అక్కడ మొదలై ఇప్పటికీ తగ్గలేదు.

గొంతులను అండి అని ఎందుకంటారని తర్వాత ఒకసారి అడిగాను.

"తిట్టి చూశానమ్మా చాలా ఏళ్ళు. తిట్టినకొద్దీ రెచ్చిపోయారు. మర్యాదగా చెబితే ఒక్కోసారి వింటారు. ఎప్పుడూ కాదనుకో," అన్నారు.

ఆమె తన కథ వరసగా ఎప్పుడూ చెప్పలేదు. బాపట్లలో లూథరన్ కుటుంబం, తండ్రి టీచరు, ఒక్కరే అన్నగారు. టీచరు ట్రైనింగులో ఉండగా గొంతులు మొదలయ్యాయి. ప్రార్థనలు చేయించారు, ఎక్కడెక్కడికో తిప్పారు. ఒకచోట కాలికి గొలుసు వేశారు. ఇంటికి తెచ్చాక వెనకవైపు గదిలో ఉంచారు. అన్నం పెట్టేవారు, బట్టలిచ్చేవారు, చుట్టాలొస్తే తలుపు వేసేవారు. ఇవన్నీ వేర్వేరు రోజుల్లో, వేర్వేరు మాటల మధ్య జారిపడిన ముక్కలు. ఏ ముక్క చెప్పినా కోపం ఉండేది కాదు. అయితే ఏ గదిలోకి వెళ్ళినా తలుపు పూర్తిగా పడకుండా గొడుగు అడ్డం పెట్టేవారు. వాన పడని రోజుల్లో కూడా గొడుగు ఎందుకు తెస్తారో అది చూశాక నాకు అర్థమైంది.

నా రైలు వైద్యం రేపల్లె స్టేషన్లో మొదలైంది. పిన్నిగారు బాపట్ల నుంచి తెనాలి వచ్చి, అక్కడ మా రేపల్లె బండి పట్టుకుని వచ్చేవారు. మా ఆయన నన్ను స్టేషను దాకా దించి వెళ్ళేవారు. ఇద్దరం ప్లాట్‌ఫారం మీద కూర్చునేవాళ్ళం.

"ఇవాళ ఎక్కుదామా?"

"వద్దండి."

"సరే. బండి కదిలేదాకా చూద్దామా?"

"చూద్దాం."

బండి వెళ్ళిపోయేది. నన్ను ఇంటి దగ్గర దించి, ఆమె తర్వాతి బండికో బస్సుకో వెళ్ళిపోయేవారు. నాకు సిగ్గేసి, మీకు శ్రమ అవుతోందండి అంటే, "నాకు కిటికీ పక్క సీటంటే ఇష్టం," అనేవారు. అలా ఎన్ని వారాలో. చివరికి ఒకరోజు ఎక్కాను. బండి కదిలింది. భట్టిప్రోలు వచ్చేసరికి నాకు మళ్ళీ ఊపిరి అందలేదు. "దిగిపోతానండి," అన్నాను.

ఇంకొకరైతే కాస్త ఓర్చుకోమనేవారు. ఆమె గొడుగు తీసుకుని నాకంటే ముందు లేచారు. ఇద్దరం దిగాం. బండి మమ్మల్ని వదిలి తెనాలి వెళ్ళిపోయింది. ప్లాట్‌ఫారం మీద నేను ఏడుస్తూ కూర్చున్నాను. ఓడిపోయానన్నాను. ఆమె కాసేపు విని, "దిగాలనుకున్నావు, దిగావు. ఇప్పుడెలా ఉంది?" అన్నారు.

"ఇప్పుడు పర్లేదండి."

"మరి ఇప్పుడేం చేద్దాం? ఆకలేస్తోంది నాకు."

బయట జామకాయలమ్మే ఆమె ఉంది. ఉప్పూకారం రాయించుకుని తిన్నాం. తింటూ పిన్నిగారు, తను గదిలోంచి బయటికొచ్చిన కొత్తలో బజారు దాకా వెళ్ళి తిరిగి పారిపోయిన సంగతులు ఒకదాని తర్వాత ఒకటి చెప్పారు. ఒకసారి మిఠాయి కొట్టు దగ్గర ఎవరూ ఏమీ అనకుండానే, గొంతులు అన్న మాట కొట్టు అతనే అన్నాడనుకుని, అతనితో దెబ్బలాడారట. "పాపం, అతను భయపడి నాకు పావుకిలో జిలేబీ పొట్లం కట్టిచ్చాడు," అని నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాతి బండికి చాలా సమయం ఉంది. వచ్చాక నేనే ముందెక్కాను. ఆ రోజు తెనాలి దాకా వెళ్ళాం. దారి పొడుగునా కిటికీ ఊచ పట్టుకున్న నా చేతికి చెమటలు పోస్తూనే ఉన్నాయి. పోయనీ అన్నట్టు ఆమె బయట వరిచేలు చూస్తూ కూర్చున్నారు.

శనివారాలు క్లినిక్కులో మేమందరం కలిసి కూర్చునేవాళ్ళం. రఫీది తెనాలే. టైలరు. ముట్టుకున్నదల్లా మురికి అనిపించి గంటల తరబడి చేతులు కడుక్కునేవాడు. ఇక్కడి వైద్యం గురించి వాడే నాకు చెప్పాడు. "రెడీమేడ్ ఉండదక్కా ఇక్కడ. ఎవరి కొలత వాళ్ళకి తీసి కుడతారు." కొల్లూరు లంకల్లో అరటి వేసే ఒక పెద్దాయన కూడా వచ్చేవారు. వరదకు తోట పోయాక మాట్లాడటం మానేశారు. కొడుకు తెచ్చి కూర్చోబెట్టేవాడు. ఆయన నేల వైపు చూస్తూ కూర్చునేవారు. ఆయన్ని బాబాయిగారని పిలిచేవాళ్ళం.

పిన్నిగారు ప్రతి శనివారం రెండు అరటిపళ్ళు తెచ్చేవారు. "కూర్చోవచ్చా బాబాయిగారూ?" అని అడిగేవారు. ఆయన వద్దనేవారు కాదు కనుక కూర్చునేవారు. ఒక పండు ఆయన చేతిలో పెట్టి, ఒకటి తను తిని, ఒక్క మాటా అడగకుండా లేచి వచ్చేవారు. నెలలు గడిచాయి. ఒక శనివారం పండు ఒలుస్తూ, తనలో తను అనుకున్నట్టుగా, "చక్కెరకేళి బాగుంది ఈసారి," అన్నారు.

బాబాయిగారు ఆ పండు వంక చూశారు. ఆమె వంక చూశారు. ఇక ఉండబట్టలేక, "కర్పూరమండి అది," అన్నారు.

బయట బెంచీ మీదున్న ఆయన కొడుకు లోపలికి తొంగి చూశాడు. "అలాగాండి?" అన్నారు పిన్నిగారు. "మరి చక్కెరకేళి ఎలా ఉంటుంది?" ఆయన చెప్పడం మొదలుపెట్టారు. గొంతు పెగలక ఆగి ఆగి చెప్పారు. తొక్క గురించి, గెల గురించి, తన తోట గురించి. చెబుతూ చెబుతూ ఏడ్చారు. కావాలనే తప్పు పేరు చెప్పారా అని తర్వాత నేను అడిగితే, పిన్నిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "నాకు నిజంగానే తెలియదమ్మా," అన్నారు. అది నిజమో కాదో నేను ఇప్పటికీ చెప్పలేను.

మందుల జోలికి మాత్రం ఆమె వెళ్ళేవారు కాదు. ఎవరైనా మాత్ర మానేయమంటారా అని అడిగితే, "అది డాక్టరుగారిని అడగండి. నాకు తెలిసింది మాత్ర వేసుకుని పక్కన కూర్చోవడమే," అనేవారు.

నేను మళ్ళీ బడికి వెళ్ళడం మొదలుపెట్టాక వచ్చిన వానాకాలం అది. పిన్నిగారికి షుగర్ ఎక్కువైంది. గొంతులకు వేసుకునే పాత మాత్రే దానికి కారణమని అది తగ్గించి, కొత్తది మొదలుపెట్టారు. ఒక శనివారం ఆమె ఆలస్యంగా వచ్చారు. జుట్టు దువ్వుకోలేదు. పమిటకు పిన్ను లేదు. ఆమె ఎప్పుడూ కూర్చునే కుర్చీ డాక్టరుగారి పక్కన ఖాళీగా ఉంది. దాని దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి తిరిగి మా వరసలోకి వచ్చి నిలబడ్డారు.

"ఇవాళ నేను ఇటు కూర్చుంటానండి," అన్నారు. "నాకు బాగాలేదు."

ఆమెను చూసి ధైర్యం తెచ్చుకున్నవాళ్ళం అందరం అక్కడే ఉన్నాం. ఆమె కూడా పడిపోతే ఇక మా గతేమిటన్న భయం నాకు కలిగింది. అందరికీ కలిగే ఉంటుంది. ఆమెకూ ఆ సంగతి తెలుసు. అయినా వచ్చి, అందరి ముందూ చెప్పి, కూర్చున్నారు. చెయ్యి భుజం దాకా లేస్తోంది గాని వాళ్ళు ఆగుతున్నట్టు లేదు. ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి.

డాక్టరుగారు మమ్మల్ని అడిగినట్టే ఆమెనూ అడిగారు. "మీకేం కావాలండి?"

"మాత్ర మళ్ళీ చూడండి. పనిమనిషి కూడా రావడం లేదు, ఒంటరిగా ఉండలేను. కొన్నాళ్ళు పగలంతా ఎవరో ఒకరు నా పక్కన ఉంటే చాలు. అప్పటికీ తగ్గకపోతే ఆస్పత్రిలో చేరతాను. ఆ మాట నేనే చెబుతాను, నన్ను కట్టి తీసుకెళ్ళొద్దు."

వంతులు వేసుకున్నాం. నా వంతు వచ్చిన రోజు రేపల్లెలో ఒక్కదాన్నే బండెక్కాను. తెనాలిలో దిగి, వంతెన దాటి, బాపట్ల వెళ్ళే బండి పట్టుకున్నాను. నిడుబ్రోలు దాటాక గాని నాకు తట్టలేదు, నేను ఒక్కదాన్నే రైల్లో ఉన్నానని.

మందులు కుదిరి అన్నగారిల్లు వదిలాక ఆమె ఒక అద్దె వాటాలో ఒక్కరే ఉండేవారు. తలుపుకు గొడుగు అడ్డం పెట్టి ఉంది. మంచం మీద రెండు చెవులూ మూసుకుని కూర్చుని ఉన్నారు. కూర్చోవచ్చా అని అడిగాను. తలూపారు. కాసేపటికి, "సూర్యలంక వెళదామా?" అన్నారు. "అలల హోరులో వాళ్ళు గట్టిగా అరవాలి. అలిసిపోతారు."

ఆటోలో వెళ్ళాం. మబ్బు పట్టి ఉంది. ఒడ్డున జనం లేరు. దూరంగా పడవ దగ్గర ఎవరో వల దులుపుకుంటున్నారు. తడి ఇసుక దాకా వెళ్ళి నిలబడ్డాం. ఆమె కళ్ళు మూసుకుని విన్నారు. కొంత తేలిక పడ్డారనుకున్నాను. అప్పుడు ఆమె నా వైపు తిరగకుండానే, మామూలు గొంతుతో అన్నారు.

"అమ్మా, ఆయన నన్ను నీళ్ళలోకి నడవమంటున్నారు. చాలా గట్టిగా అంటున్నారు. నీకు చెబుతున్నాను. నా చెయ్యి పట్టుకో."

పట్టుకున్నాను. నా గుండె కొట్టుకుంటోంది, నా వేళ్ళు చల్లబడుతున్నాయి, అదంతా నాకు తెలుస్తూనే ఉంది. కాని నేను వదల్లేదు. "ఇప్పుడు రోడ్డు వైపు తిప్పు నన్ను," అన్నారు. తిప్పాను. "నువ్వేదైనా మాట్లాడుతూ ఉండు. ఏదైనా సరే." ఎనిమిదో తరగతి లెక్క చెప్పడం మొదలుపెట్టాను. ఇటున్నది అటు వెళితే గుర్తు మారుతుందండి, కూడిక తీసివేత అవుతుందండి అంటూ ఇసుకలో నడిపించుకుంటూ వచ్చాను. ఆమె ప్రతి మాటకూ ఊ కొట్టారు. మధ్యలో చెయ్యి భుజం దాకా ఎత్తి, "ఉండండి, లెక్క చెబుతోంది," అన్నారు. అప్పుడు కూడా అండి అనే అన్నారు.

రోడ్డు మీదికి వచ్చాక డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఫోన్ ఆమెకిమ్మన్నారు. "చేరతానండి," అని ఆమే చెప్పారు. తెనాలి స్టేషన్లో రఫీ, బాబాయిగారు ఎదురొచ్చారు. రైలు పెట్టె తలుపు కమ్మీలు పట్టుకుని ఎక్కి, ముట్టుకోవడానికి భయపడే ఆ చేతులతో రఫీ ఆమెను పట్టుకుని దింపాడు. అక్కడి నుంచి అందరం గుంటూరు తీసుకెళ్ళి చేర్చాం.

నేను చాలామంది ధైర్యవంతులను చూశాను. సముద్రం ముందు నిలబడి, తన లోపల నుంచి వస్తున్న ఆజ్ఞను పక్క మనిషికి చెప్పి, చెయ్యి చాపిన ధైర్యం మాత్రం ఇంకెక్కడా చూడలేదు. నేను ఆమెను కాపాడానని మా వాళ్ళు అంటారు. ఆ రోజు దారి చెప్పింది ఆమె. ఆమె చెప్పినట్టు నేను చేశానంతే.

కొన్ని వారాలకు మాత్ర కుదురుకుంది. ఆమె తిరిగి వచ్చారు. తన కుర్చీలో కూర్చునేముందు డాక్టరుగారిని అడిగి మరీ కూర్చున్నారు. ఆ తర్వాత ఎంతోమంది కొత్తవాళ్ళు వచ్చారు. ప్రతి ఒక్కరికీ, మొన్న వానాకాలం నాకు తిరగబెట్టిందండి అని చెప్పి, అప్పుడు టీ తెప్పించేవారు.

సమాధి కార్యక్రమానికి మేమందరం బాపట్ల వెళ్ళాం. చర్చిలో వెనక వరసల్లో కూర్చున్నాం. ముందు వరసలో ఆమె అన్నగారి కుటుంబం. ఆయన బాగా పెద్దవారు, చేతికర్ర ఉంది. శ్మశానంలో మట్టి వేశాక ఆయన గేటు దగ్గర మా ముందు ఆగారు. ఇంతమందిని ఎరగనట్టు ఒక్కొక్కరినీ చూశారు.

"మీరంతా ఎవరండి? మా చెల్లెలికి ఏమవుతారు?"

కొలీగులమనవచ్చు. తెలిసినవాళ్ళమనవచ్చు. చుట్టూ ఊరి జనం ఉన్నారు. నా పక్కన నిలబడ్డ బాబాయిగారు గొంతు సవరించుకున్నారు. "తెనాలిలో మనసుకి వైద్యం చేయించుకునేవాళ్ళమండి. ఈవిడ మాకు, మేం ఈవిడకి," అన్నారు. నేను, "అవునండి. నేనూ అంతే. రేపల్లెలో టీచర్నండి," అన్నాను. ఆ మాట బయట నలుగురిలో అనడం నాకదే మొదటిసారి.

అన్నగారు నా వైపు తిరిగి, "ఇంటికి రాగలవామ్మా, కాసేపు?" అన్నారు.

పాత పెంకుటిల్లు. జనం వరండాలో కాఫీలు తాగుతున్నారు. ఆయన నన్ను వాళ్ళందరినీ దాటించి వెనకవైపు గదికి తీసుకెళ్ళారు. ఇప్పుడందులో బియ్యం బస్తాలు, పాత కుట్టుమిషను ఉన్నాయి. ఒక కుర్చీ నాకు జరిపి, తను బస్తా మీద కూర్చున్నారు.

"ఇందులోనే ఉండేది. తనలో తను మాట్లాడుకుంటుంటే మేం తలుపేసేవాళ్ళం. ఏం మాట్లాడేదో నేనెప్పుడూ వినలేదు. నీకు చెప్పిందా?"

"చెప్పారండి."

"చెప్పమ్మా. నేను వింటాను."

చెప్పాను. గొంతుల్లోని ఆయన గురించి, ఆవిడ గురించి, వాళ్ళు అనే మాటల గురించి, పిన్నిగారు వాళ్ళకు ఇచ్చే జవాబుల గురించి, సూర్యలంక గురించి. అన్నగారు ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"ఆ మగగొంతు," అన్నారు. "అది నాదిలా ఉండేదా?"

ఎన్నేళ్ళుగా దాచుకున్న ప్రశ్నో అది. నాకు తెలిసినంత నిజం చెప్పాను.

"కాదండి. ఎవరిలాగానూ ఉండదనేవారు. మా అన్నయ్య గొంతు విని చాలా ఏళ్ళయిందని మాత్రం ఒకసారి అన్నారు."

"అవునమ్మా," అన్నారాయన.

వరండాలో జనం ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఎవరో వచ్చి తొంగి చూసి, ఆయన మొహం చూసి తిరిగి వెళ్ళారు. కాసేపటికి ఆయన నెమ్మదిగా, తన చెల్లెలు చిన్నప్పుడు చర్చిలో పాట తప్పు పాడి తండ్రి చేత దెబ్బలు తిన్న రోజు సంగతి చెప్పడం మొదలుపెట్టారు. ఆ పాట పాడటం కూడా మొదలుపెట్టారు. ముసలి గొంతు, అక్కడక్కడా పూడుకుపోతోంది. తెనాలి వెళ్ళే బండికి వేళవుతోందని రఫీ ఫోన్ చేస్తే, మీరు వెళ్ళండి, నేను తర్వాతి బండికి ఒక్కదాన్నే వస్తానని చెప్పి, ఆయన పాట పూర్తయ్యే దాకా కూర్చున్నాను.